మానో బిల్లీ హక్

2009 రంజాన్ నెల. శామీర్‌పేటలో పని ముగించుకుని అబ్బా స్కూటర్ మీద మేడ్చల్‌కు తిరిగొస్తున్నారు. చెరువు కట్ట దగ్గర మూతి కట్టిన గోనెసంచి కదులుతుంటే ఆగి విప్పారు. లోపల మూడు పిల్లి పిల్లలు. రెండు అప్పటికే చనిపోయాయి. మూడోదాన్ని రుమాలులో చుట్టుకుని ఇఫ్తార్ వేళకు ఇంటికి తెచ్చారు. అమ్మీ దానికి మానో అని పేరు పెట్టింది.

ఇప్పుడు మానోకు 16 ఏళ్లు. ఎలుకను పట్టి ఏళ్లయింది. రెండు కళ్లూ కనిపించవు. గిన్నె చప్పుడు వింటే గోడను ఒరుసుకుంటూ వస్తుంది. మొన్న బక్రీద్‌కు వచ్చిన ఖాలా చూసి, "ఇంకా ఎందుకురా ఇది? చెరువు దగ్గర వదిలేసి రా. దాని రిజ్క్ అల్లా చూసుకుంటాడు. వదిలెయ్యమని హదీసులోనే ఉంది కదా!" అంది.

ఖాలా మనసు చెడ్డది కాదు. మన ఇళ్లలో చాలామంది అనే మాటే ఇది. అందుకే తారీఖ్ ఏమంటుందో ఒకసారి చూద్దాం.

నిద్రపోతున్న పిల్లి లేవకూడదని ప్రవక్త (స) తన అంగీ చేతిని కత్తిరించారనే కిస్సా చిన్నప్పటి నుంచి వింటున్నాం. ప్రామాణిక హదీసు గ్రంథాల్లో అది లేదు. ఉన్నవే మనకు చాలు.

అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ల దగ్గరికి ఒక పిల్లి వచ్చింది. ఆయన గిన్నె వంచి దాన్ని తాగనిచ్చారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూసింది. పిల్లి నజిస్ కాదని, మీ చుట్టూ తిరిగే వాటిలో ఒకటని ప్రవక్త (స) చెప్పినట్టు ఆయన ఆమెకు వివరించారు. అబూ దావూద్, తిర్మిజీలలో ఈ హదీసు ఉంది. 'చుట్టూ తిరిగేవాళ్లు' అనే ఆ మాటనే సూరా నూర్‌లో ఇంటి సేవకులకు, చిన్నపిల్లలకు వాడారు. అంటే పిల్లి లెక్క ఇంటివాళ్లతోనే. ఎలుకలు పడుతుందా లేదా అన్న షరతు అక్కడ లేదు.

ఇక ఖాలా చెప్పిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తిండి పెట్టలేదు, బయట తిరిగి పురుగూ పుట్రా తినేందుకు వదలనూ లేదు. అందుకే శిక్ష పడింది. వదలమన్నది అది తన తిండి తాను వెతుక్కుంటుందని. గుడ్డి పిల్లిని కట్ట మీద వదిలితే అది రిహాయీ ఎలా అవుతుంది? ఆకలికి చచ్చేలా జంతువును వదిలేయడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం కూడా నేరమే.

రిజ్క్ మాటకు వస్తే, ఇబ్న్ బాబ్షాజ్ వాఖియా గుర్తొస్తుంది. ఆయన ఈజిప్టులో పేరున్న వ్యాకరణ పండితుడు, 1077లో వఫాత్ అయ్యారు. సర్కారీ కాగితాల్లో భాషా తప్పులు దిద్దే కొలువు ఆయనది. మస్జిద్ కప్పు మీద భోజనం చేస్తుంటే ఒక పిల్లి వచ్చింది. ముక్క వేస్తే పట్టుకుపోయి, మళ్లీ మళ్లీ వచ్చింది. వెంట వెళ్లి చూస్తే, అది ఆ తిండిని ఒక గుడ్డి పిల్లికి పెడుతోంది. ఈ మూగజీవికే రిజ్క్ ఇచ్చే అల్లా నన్ను మరుస్తాడా అని ఆయన కొలువు వదిలేశారట. ఇబ్న్ ఖల్లికాన్ రాసిన జీవిత చరిత్రల్లో ఉందిది. రిజ్క్ ఇచ్చింది అల్లాయే. నోట కరుచుకుని మోసింది మాత్రం ఇంకో పిల్లి.

13వ శతాబ్దపు మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ కైరోలో పిల్లుల కోసం ఒక తోటనే రాసిచ్చాడు. 1830లలో అక్కడున్న ఇంగ్లిష్ రచయిత ఎడ్వర్డ్ లేన్ ఆ సంగతి రాశాడు. అప్పటికి తోట చేతులు మారి, ఆదాయం దాదాపు పోయింది. అయినా రోజూ అసర్ వేళ ఖాజీ కచేరీ ముంగిట పిల్లులకు తిండి పడేది.

మానోకు తోట అక్కర్లేదు. గిన్నె, మట్టిపెట్టె రోజూ ఒకేచోట ఉండాలి, సామాన్లు జరపకూడదు. ముసలి పిల్లులకు కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి నీళ్లు దగ్గరుండాలి, అప్పుడప్పుడు డాక్టరుకు చూపించాలి. అంతే.

ఇదంతా ఖాలాకు చెప్పాను. ఒప్పుకుందో లేదో తెలీదు. వెళ్లే రోజు మాత్రం తన ప్లేటులోంచి ఒక ముక్క తీసి, ఎముక ఏరి, మెత్తగా నలిపి గోడ వారగా పెట్టింది. గిన్నె మీద రెండుసార్లు తట్టింది కూడా.