సామాను మీది, పూచీ మీది

మన ఇళ్ళల్లో అటక అని ఒకటి ఉండేది. పెళ్ళిళ్ళకి మాత్రమే కిందికి దిగే గుండిగలు, బీట తీసినా పారెయ్యడానికి మనసొప్పని జాడీలు, పిల్లల ఉయ్యాల, తాతగారి ట్రంకుపెట్టె అన్నీ అక్కడికే ఎక్కేవి. దానికి అద్దె లేదు, తాళం లేదు, కాగితం లేదు. ఇల్లున్నంత కాలం అటక ఉంటుంది. ఇంట్లో మనుషులున్నంత కాలం సామానుకి కాపలా ఉంటుంది.

అమెరికా వచ్చిన మనకి ఇల్లే నిలకడగా ఉండదు. ప్రాజెక్టు డాలస్‌లో అయితే డాలస్, సియాటిల్‌లో అయితే సియాటిల్. అందుకేనేమో ఈ దేశంలో అటక ఇంట్లోంచి విడిపోయి హైవే పక్కకి వెళ్ళి కూర్చుంది. వరసగా రేకు తలుపులు, తలుపు తలుపుకీ ఒక నంబరు, పైన పెద్ద అక్షరాలతో "స్టోరేజ్" అన్న బోర్డు. మీరూ చూసే ఉంటారు. మనలో చాలామంది అద్దె కట్టే ఉంటారు కూడా.

నేను చరిత్రకారుణ్ణి కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, ఊరూరూ తిరిగి కన్సల్టింగ్ చేసుకు బతికేవాణ్ణి. కానీ ఇరవై ఏళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారినవాడికి ఈ కొట్లు ఎక్కడినుంచి వచ్చాయి, వాటిలో పెట్టిన సామానుకి ఎవరు పూచీ అన్న సందేహం రావడం సహజమే కదా. తవ్వుకుంటూ పోతే అది ఫర్నిచర్ దగ్గర ఆగలేదు.

మొదట్లో ఇక్కడ ఉన్నవి గిడ్డంగులు. 19వ శతాబ్దం చివర్లో రైళ్ళ వెంబడి జనం పడమటికి కదులుతున్నప్పుడు, సామాను మోసిపెట్టడం, కొంతకాలం దాచిపెట్టడం కలిసి ఒక వ్యాపారం అయింది. 1891లో అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో బెకిన్స్ సోదరులు మొదలుపెట్టిన కంపెనీ అటువంటిదే. గిడ్డంగి పద్ధతి ఇది: మీ సామాను వాళ్ళ చేతికి అప్పగిస్తారు, వాళ్ళు రసీదు ఇస్తారు. అప్పగింత జరిగింది కాబట్టి తగినంత జాగ్రత్తగా చూసే బాధ్యత వాళ్ళది. బంగారం కుదువ పెట్టుకున్న షావుకారుకి ఆ బంగారాన్ని భద్రంగా ఉంచే బాధ్యత ఉన్నట్టే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ లెక్క మారింది. 1945లో షోయెన్ దంపతులు వాషింగ్టన్ రాష్ట్రంలోని రిడ్జ్‌ఫీల్డ్‌లో యూ-హాల్ మొదలుపెట్టారు. ట్రైలరు అద్దెకి తీసుకుని ఎవరి సామాను వాళ్ళే లాక్కుపోవచ్చు. మోసుకోవడం మన చేతికి వచ్చాక, దాచుకోవడం కూడా మన చేతికే రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1964లో టెక్సాస్‌లోని ఒడెస్సాలో ఏ-1 యూ-స్టోర్-ఇట్ అనే కొట్ల వరస కట్టారు. చమురు బావుల ఊరు అది. పని ఉన్నప్పుడు జనం వస్తారు, లేనప్పుడు పోతారు. ఈనాటి స్వయం స్టోరేజీకి ఆదిపురుషుడిగా ఎక్కువమంది చెప్పేది దాన్నే. 1972లో కాలిఫోర్నియాలో పబ్లిక్ స్టోరేజ్ పుట్టింది. 1998లో ఫ్లోరిడాలో పాడ్స్ వచ్చాక కొట్టే మన వాకిట్లోకి వచ్చి, సామాను నింపుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

ఈ మార్పులో ఒక చిన్న మెలిక ఉంది. స్టోరేజీ వాడు మన సామాను అప్పగింత పుచ్చుకోడు. జాగా మాత్రమే అద్దెకి ఇస్తాడు. తాళం మనది, తాళంచెవి మనది. లోపల ఏముందో తనకి తెలియదు కాబట్టి తనకి పూచీ లేదంటాడు. అయితే అద్దె ఆగిపోతే మాత్రం లోపల ఉన్నదాని మీద హక్కు వస్తుంది. 1981లో కాలిఫోర్నియా ఈ కొట్లకోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. మిగతా రాష్ట్రాల చట్టాలూ ఇంచుమించు ఇదే దారిలో ఉంటాయి. పూచీ లేదు, హక్కు ఉంది. మన ఊళ్ళో ఇలాంటి బేరం ఎవరైనా చెబితే నవ్విపోతారు. ఇక్కడ దాని కింద మనం కొన్ని లక్షల సంతకాలు పెట్టాం.

2016లో డాలస్‌నుంచి సియాటిల్‌కి ఆరు నెలల ప్రాజెక్టు మీద వెళ్ళవలసి వచ్చినప్పుడు నేనూ ఒక సంతకం పెట్టాను. అక్కడ ఇచ్చిన అపార్ట్‌మెంటులో ఫర్నిచర్ ఉంది. ఇక్కడి అపార్ట్‌మెంటు లీజు అయిపోయింది. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు ఉన్న కొట్టులో సోఫా, మంచాలు, డైనింగ్ టేబులు, వెట్ గ్రైండరు, మా ఆవిడ వీణ, పూజ మందిరం, బొమ్మల కొలువు బొమ్మల పెట్టెలు సర్దాం. వీణ దగ్గర మాత్రం కొంచెం తర్జనభర్జన జరిగింది. ఎండాకాలంలో రేకు కొట్టు వేడికి మైనం కరుగుతుంది, మెట్లు కదులుతాయి. ఆఖరికి ఏసీ ఉన్న కొట్టుకి ఎక్కువ డబ్బు కట్టి పెట్టాం. ఒప్పందంలో ఒక వాక్యం ముద్దక్షరాల్లో ఉంది: లోపల ఉంచిన వస్తువులకి పూర్తి పూచీ వాటి యజమానిదే.

అదే మాట మరోచోట చదువుతానని అప్పుడు అనుకోలేదు. సియాటిల్‌లో ఒక శనివారం ఆఫీసులో తోటివాడు ఒక టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. పనామా హోటల్ అని, 1910లో కట్టిన ఇటుకల భవనం. ఒకప్పటి జపాన్ వాళ్ళ పేటలో ఉంది. అక్కడ నేలలో ఒకచోట గాజు పలక ఉంది. కిందికి చూస్తే నేలమాళిగ. ట్రంకుపెట్టెలు, సూట్‌కేసులు, ఇంటి సామాను. అవి 1942లో అక్కడ పెట్టినవి.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాని ఫలితంగా పడమటి తీరంలో ఉన్న జపాన్ సంతతివాళ్ళు సుమారు లక్షా ఇరవై వేల మందిని ఇళ్ళు ఖాళీ చేయించి శిబిరాలకి తరలించారు. వాళ్ళలో మూడింట రెండు వంతులమంది ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు. చాలాచోట్ల ఇచ్చిన గడువు వారం రోజులు కూడా లేదు. గోడల మీద అంటించిన నోటీసుల ప్రకారం పరుపుబట్టలు, కట్టుబట్టలు, తిండికి కంచాలు, చెంచాలు, అది కూడా చేత్తో మోసుకోగలిగినంతే తెచ్చుకోవాలి. పెంపుడు జంతువులు కూడదు.

మరి మిగతా సామాను? ఆ నోటీసులోనే దానికీ ఒక పేరా ఉంది. ఐసు పెట్టెలు, బట్టలు ఉతికే యంత్రాలు, పియానోలు, బరువైన ఫర్నిచర్ ప్రభుత్వం తన సంస్థల ద్వారా దాచిపెడుతుంది, కానీ పూర్తిగా యజమాని పూచీ మీదే. వంట గిన్నెల వంటి చిన్న సామానైతే పెట్టెల్లో బిగించి, పైన యజమాని పేరు, చిరునామా స్పష్టంగా రాస్తేనే తీసుకుంటుంది. చిరునామాలోంచి వెళ్ళగొడుతూ చిరునామా రాయమని అడగడం!

ఈ మాట మీద నమ్మకం చాలక, టైము చాలక, చాలామంది పియానోలు, ఫ్రిజ్‌లు కారుచౌకగా అమ్ముకున్నారు. కొందరు బౌద్ధాలయాల్లో, చర్చిల్లో పెట్టారు. కొందరు పనామా హోటల్ యజమాని టకాషీ హోరీని అడిగితే ఆయన నేలమాళిగలో పెట్టుకోనిచ్చాడు. తర్వాత హోరీ కూడా శిబిరానికి పోక తప్పలేదు. సియాటిల్ వాళ్ళని ముందు ప్యూయలప్‌లో తిరణాల మైదానంలో ఉంచి, తర్వాత ఐడహో ఎడారిలోని మినిడోకాకి పంపారు. 1945 జనవరి నుంచి తీరానికి తిరిగి రావడానికి అనుమతి వచ్చింది. హోరీ వచ్చి హోటలు నడుపుకున్నాడు. సామాను వాళ్ళలో కొందరు వచ్చి పట్టుకెళ్ళారు, కొందరు రానే లేదు. 1985లో ఆయన దగ్గర హోటలు కొనుక్కున్న జాన్ జాన్సన్ అనే ఆవిడ ఆ పెట్టెలను అలాగే కాపాడుతూ వచ్చింది. 2006లో ఆ భవనాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు.

మిగతాచోట్ల పెట్టిన సామాను అంత అదృష్టం చేసుకోలేదు. తాళాలు పగిలాయి, దొంగతనాలు జరిగాయి. 1948లో నష్టపరిహారం చట్టం వచ్చింది. 14 కోట్ల డాలర్లకి పైగా అడిగితే చెల్లించింది 4 కోట్ల లోపు. పోయిన వస్తువుకి రుజువు చూపించమన్నారు. ఇల్లే పోయినవాడు రసీదు ఎక్కడినుంచి తెస్తాడు? క్షమాపణ చెప్పి, బతికి ఉన్నవాళ్ళకి తలా 20,000 డాలర్లు ఇచ్చే చట్టం 1988లో గాని రాలేదు.

ఆ గాజు పలక పక్కన టీ తాగుతూ ఉంటే నాకు మా శ్రీకాకుళం జిల్లా గుర్తొచ్చింది. సరిగ్గా ఆ నెలల్లోనే మనవాళ్ళూ సామాను వదిలి నడిచారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ సైన్యం చేతికి చిక్కింది. రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్ళు అక్కడ ఎందరో. కోరంగి రేవు పేరుమీద బర్మాలో మనవాళ్ళని కోరంగీలు అనేవారు. ఓడ దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. వేలమంది దారిలోనే పోయారు. అమెరికాలో శత్రువని ముద్ర వేసింది జపాన్ రక్తానికి. రంగూన్‌లో మనవాళ్ళు పారిపోయింది జపాన్ బాంబులకి. రెండుచోట్లా నలిగింది సంసారాలే.

మా తాతగారి అన్నగారు అలా నడిచి వచ్చినవాడే. ఆయన యుద్ధానికి ముందు ఓడ మీద పంపించిన బర్మా టేకు పెట్టె ఒకటి మా ఊళ్ళో ఇప్పటికీ ఉంది. మా నాయనమ్మ దాన్ని "రంగం పెట్టె" అనేది. ముందు పంపింది మిగిలింది, ఆయన దగ్గర ఉంచుకున్నది పోయింది. 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు ఇంకోసారి అదే కథ. అప్పుడు వచ్చినవాళ్ళ గుర్తుగానే విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అన్న పేరు నిలిచింది.

మన స్టోరేజీ ఒప్పందాలనీ ఆ ఉత్తర్వునీ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. మనం ఇష్టపడి వచ్చాం, ఇష్టపడి మారుతున్నాం, ముళ్ళకంచె మన చుట్టూ లేదు. పోలిక ఒక్కటే: మనిషి దూరం అయినప్పుడు అతని సామాను మీద ఎవరికి ఏ హక్కు ఉంటుందన్నది. 1973లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌లో బ్రూక్స్ అనే ఆవిడని అద్దింట్లోంచి ఖాళీ చేయించి, సామాను ఒక గిడ్డంగిలో పెట్టించారు. డబ్బు కట్టకపోతే అమ్మేస్తామని గిడ్డంగి వాళ్ళు ఉత్తరం రాశారు. విచారణ లేకుండా ఎలా అమ్ముతారని ఆవిడ కోర్టుకెక్కింది. 1978లో సుప్రీం కోర్టు అది ప్రభుత్వం చేసే పని కాదు, గిడ్డంగి వాడి సొంత వ్యవహారం, కాబట్టి రాజ్యాంగ రక్షణ వర్తించదని తేల్చింది. ఈనాటి వేలాలన్నీ ఆ నీడలోనే నడుస్తున్నాయి. 2010లో ఆ వేలాల మీద ఒక టీవీ కార్యక్రమం మొదలైతే జనం సరదాగా చూశారు.

నా స్నేహితుడొకడికి అది సరదా కాలేదు. 2023లో ఉద్యోగం పోయింది. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు ఖాళీ చేసి, సామానంతా ఒక కొట్టులో పెట్టి, భార్యాబిడ్డలతో విజయవాడ వెళ్ళాడు. కొత్త ఉద్యోగం వస్తే తిరిగి రావచ్చని ఆశ. అద్దె క్రెడిట్ కార్డు మీద దానంతట అదే పడేది. ఆ కార్డు గడువు తీరింది. నోటీసు అతను ఖాళీ చేసిన పాత అపార్ట్‌మెంటుకి వెళ్ళింది. అతనికి తెలిసేసరికి వేలం అయిపోయింది. "సోఫా పోతే పోయింది అన్నయ్యా. మా అమ్మ రాసిన ఉత్తరాలు ఆ పెట్టెల్లోనే ఉన్నాయి" అన్నాడు. వాళ్ళమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇక్కడా చిరునామాయే దెబ్బ తీసింది.

అందుకని, ఊరు మారే మన పిల్లలకి నేను చెప్పేది ఇంతే. డబ్బు పెట్టి మళ్ళీ కొనుక్కోగలిగినవే కొట్టులో పెట్టండి. ఉత్తరాలు, ఫొటోలు, సర్టిఫికెట్లు మీ వెంట తీసుకెళ్ళండి, లేదా నమ్మకమైన వాళ్ళింట్లో ఉంచండి. ఒప్పందం మీద మీ పేరుతో పాటు ఇక్కడే ఉండే ఇంకొకరి పేరు, ఫోను నంబరు, చిరునామా రాయించండి. పెట్టిన ప్రతి వస్తువుకీ ఫొటో తీసి ఉంచుకోండి.

కానీ అసలైన పూచీ కాగితంలో దొరకదు. తర్వాత కొన్నాళ్ళు శాక్రమెంటోలో పనిచేశాను. ఎల్క్ గ్రోవ్‌లో మనవాళ్ళిళ్ళకి వెళ్ళే దారిలో ఫ్లోరిన్ అని ఒక పేట తగులుతుంది. 1942లో అక్కడంతా జపాన్ వాళ్ళ ద్రాక్షతోటలు. బాబ్ ఫ్లెచర్ అని వ్యవసాయ శాఖలో ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు. శిబిరానికి పోతున్న ఒక రైతు అడిగితే ఉద్యోగం మానేసి మూడు కుటుంబాల తోటలు చూసుకోవడానికి ఒప్పుకున్నాడు. తోటలు దున్నాడు, పన్నులు కట్టాడు, అప్పుల వాయిదాలు కట్టాడు. ఖాళీగా ఉన్న ఇంట్లోకి పోకుండా కూలీల పాకలో పడుకున్నాడు. లాభమంతా తీసుకోమని వాళ్ళన్నా సగమే తీసుకుని, మిగతా సగం వాళ్ళకోసం బ్యాంకులో వేశాడు. చుట్టుపక్కల వాళ్ళు తిట్టినా మానలేదు. 1945లో వాళ్ళు తిరిగొచ్చేసరికి తోటలున్నాయి, ఇళ్ళున్నాయి. ఆయన భార్య ఒక కుటుంబం ఇంటిని ముందే శుభ్రం చేసి ఉంచింది. ఫ్లెచర్ 2013లో, 101 ఏళ్ళ వయసులో పోయాడు.

ఇక్కడ మన తెలుగువాళ్ళు వీసా చిక్కుల్లో ఉన్నట్టుండి ఊరు విడిచినప్పుడు మన గరాజుల్లో నాలుగు పెట్టెలకి జాగా ఉండకపోదు. ఈమధ్య మా గరాజులో అలాంటివి ఆరు ఉన్నాయి. వాటి మీద పేరు, విజయవాడ ఫోను నంబరు రాసి ఉన్నాయి. నెలకోసారి చెద పట్టిందేమో చూసి, అతనికి ఫోను చేస్తాను.