మురుగు కాలవ నుంచి మోకాలి దాకా

విరిగిన కాలికి చీము పట్టకుండా కాపాడిన మందు ఆలోచన ఒక ఊరి మురుగునీళ్ళలోంచి పుట్టింది. ఇది చదివిన రోజు నాకు నవ్వాగలేదు. ఇంగ్లండులోని కార్లైల్ ఊరివాళ్ళు తమ మురుగులో, బొగ్గుతారు నుంచి తీసే కార్బాలిక్ ఆసిడ్ కాస్త కలిపి పొలాలకు వదిలారు. కంపు పోయింది. ఆ గడ్డి మేసిన పశువుల ఒంట్లో పురుగులు కూడా చచ్చాయని చెప్పుకున్నారు. 1864లో గ్లాస్గో సర్జన్ జోసెఫ్ లిస్టర్ కంట ఆ వార్త పడింది. మురుగు కుళ్ళును ఆపే సరుకు పుండు కుళ్ళును మాత్రం ఎందుకు ఆపదు అనుకున్నాడాయన. మన ధర్మాసుపత్రి వరండాల్లో ముక్కులదరగొట్టే నల్ల ఫినాయిల్ ఉంది చూశారూ, అదీ ఆ బొగ్గుతారు వంశంలోదే.

ఎముక లోపలే విరిగితే ఒక కథ, చర్మం చీల్చుకుని బయటికొస్తే ఇంకో కథ. లోపల విరిగినదానికి చర్మాన్ని మించిన కట్టు లేదు. మన పుత్తూరు కట్టు తరాల తరబడి నిలిచిందంటే అందులో సగం పుణ్యం చర్మానిదే. కోత లేదు కనక కుళ్ళు లేదు. ఎముక వంకరగా అతుక్కుంటుందా, తిన్నగానా అన్నది వేరే పంచాయతీ. చర్మం చిట్లిన కాలికి మాత్రం ఆ రోజుల్లో ఐరోపాలో చాలాసార్లు రంపమే గతి. తీసేసినా గండం గడిచినట్టు కాదు. లిస్టర్ వార్డులోనే 1864, 1866 సంవత్సరాల్లో కాలో చెయ్యో తీసిన 35 మందిలో 16 మంది పోయారు.

1865 ఆగస్టు 12న పదకొండేళ్ళ జేమ్స్ గ్రీన్‌లీస్‌ను ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఖాళీ బండి చక్రం ఎడమకాలి మీదుగా పోయింది. ఎముక విరిగింది, దాని మీద అంగుళమున్నర పొడుగున గాయం. శివరాత్రికి యాగంటి తిరునాళ్ళకు ఎద్దుల బండ్లు కట్టుకొచ్చిన కాలంలో ఇక్కడి పల్లెల్లోనూ ఇలాంటి కాళ్ళు నలిగే ఉంటాయి. లిస్టర్ కార్బాలిక్‌లో తడిపిన గుడ్డను గాయం మీద పరిచి బద్దలు కట్టాడు. నాలుగు రోజుల తర్వాత విప్పి చూశాడు. చీము లేదు. మందు ఘాటుకు చర్మం ఎర్రబడింది తప్ప కుళ్ళు వాసన కూడా లేదు. ఆరు వారాలు దాటేసరికి ఎముక అతుక్కుంది.

యాగంటిలో కాకి వాలదంటారు, అగస్త్యుడి శాపమట. పుండు మీద క్రిమి వాలకుండా శాపం పెట్టిన మహర్షి లిస్టరే. కాకపోతే ఆయన శాపానికి తారు వాసన. గాలిలోని సూక్ష్మజీవులే కుళ్ళబెడతాయన్న ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ మాటను నమ్మి, ఆపరేషన్ గదిలో కార్బాలిక్ తుంపర్లు కొట్టించాడు. డాక్టర్ల చేతులు పొక్కాయి, దగ్గులొచ్చాయి. 1890 నాటికి తనే ఆ తుంపర్లు మానేసి, అలా చేసినందుకు సిగ్గుపడుతున్నానన్నాడు. అంత పేరొచ్చాక అంత మాట అనగలిగినవాడంటే నాకు గౌరవం.

అసలు సాహసం 1877 అక్టోబరులో జరిగింది. లండన్‌లో ఒకతని మోకాలిచిప్ప విరిగింది, చర్మం చెక్కుచెదరలేదు. లిస్టర్ ఆ చర్మాన్ని తనే కోసి, మోకాలు తెరిచి, ముక్కల్ని వెండి తీగతో కట్టాడు. రోగి చస్తే ఈయన మీద కేసు వెయ్యాలని ఒక పెద్ద సర్జన్ అన్నాడంటారు. రోగి చావలేదు. ఇవాళ నంద్యాలలోనైనా కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా కాలిలో రాడ్డు, ప్లేటు వేస్తున్నారంటే ఆ ధైర్యానికి తొలి అడుగుల్లో ఇదొకటి.

మనవైపు ఏమీ లేదా అంటే, ఉంది. సుశ్రుత సంహిత పుండున్నవాడి గదిలో తెల్లావాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి రోజుకు రెండుసార్లు, పది రోజులు పొగ వెయ్యమంది. గోళ్ళు, వెంట్రుకలు కత్తిరించుకుని తెల్లబట్ట కట్టుకోమంది. విరిగిన ఎముకకు మర్రి, రావి, మేడి బెరళ్ళతో బద్దలు కట్టమంది. పొగ వేసింది భూతాలు రాకుండా అని రాశారు కనక వాళ్ళకు బాక్టీరియా తెలుసని గొప్పలు చెప్పను. కానీ శుభ్రత అనేది రోజూ పాటించాల్సిన వ్రతమని వాళ్ళకు తెలుసు. పొగ బాలింత గదిలో మిగిలింది, వ్రతం వార్డుల్లోంచి జారిపోయింది.

లిస్టర్ తర్వాతి కథ పరుగులమీద నడిచింది. ఆవిరితో పరికరాలు శుద్ధి చేశారు, రబ్బరు తొడుగులొచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, యుద్ధభూమిలో వారం రోజులు పడున్న ఇద్దరు సైనికుల గాయాల్లో పురుగులు లుకలుకలాడుతుంటే, వాటి కింద పుండు గులాబిరంగులో ఆరోగ్యంగా ఉందని విలియం బేర్ అనే అమెరికన్ డాక్టరు చూశాడు. తర్వాత బాల్టిమోర్‌లో ఎముక చీము పట్టిన పిల్లలకు శుద్ధి చేసిన పురుగులే వదిలాడు. 1948లో, భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిస్తున్న లెడర్లీ కంపెనీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. మిస్సోరీ పొలం మట్టిలో బెంజమిన్ డగ్గర్‌కు దొరికిన జీవి ఇచ్చిన మందది. వాంకోమైసిన్ అనే ఇంకో మందు ఇచ్చే జీవి బోర్నియో అడవి మట్టిలో దొరికింది. మోకాలి, చీలమండ వైపు విరిగిన ఎముకలకు ఆపరేషన్ చేశాక గాయంలో ఆ పొడి చల్లి చూస్తే, నూటికి 9 మందికి వచ్చే లోతు ఇన్ఫెక్షన్ 6కు తగ్గిందని 980 మందిపై జరిగిన అమెరికా పరీక్ష 2021లో చెప్పింది. మురుగు నుంచి మొదలై మట్టి దగ్గరికి వచ్చిందన్నమాట.

యాంటీబయాటిక్ మీద నాకో ఫిర్యాదుంది. అది వచ్చాక చేతులు కడుక్కోవడం మీద శ్రద్ధ పలచబడింది. కోతకు ముందు గంటలోపు సిరలోకి ఎక్కిన మందే అసలు పని చేస్తుంది. క్రిమి చేరాక ఆలస్యంగా ఇస్తే ఫలం తగ్గుతుందని అమెరికన్ సర్జన్ జాన్ బర్క్ 1961లోనే గినీ పందుల మీద తేల్చాడు. మనం మాత్రం ఆపరేషన్ అయ్యాక సంచీడు మాత్రలు మోసుకుని ఇంటికొచ్చి నిశ్చింతగా ఉంటాం.

కనక నంద్యాల, ఆళ్ళగడ్డ హైవే మీద గానీ, బనగానపల్లె నుంచి యాగంటికి పోయే దారిలో గానీ ఎవరి కాలైనా విరిగి ఎముక బయటికి కనిపిస్తే పసుపు, కాఫీపొడి, ఆకు పసరు వెయ్యకండి. ఎముకను లోపలికి తొయ్యకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండా ఆనించి, 108కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే యాంటీబయాటిక్, ధనుర్వాతం సూది ఎప్పుడిస్తారో అడగండి. ఆపరేషన్ తర్వాత కట్టు ముట్టుకునేవాళ్ళు ముందు చేతులు కడుక్కున్నారో లేదో చూడండి, డాక్టరైనా సరే మొహమాటపడకండి. గాయం మానేదాకా బీడీ ముట్టనివ్వకండి, షుగరుంటే అదుపులో ఉంచండి.