ఊరంతా జాకీల మీద



పాత చెక్క షెడ్డు ఒకటి ఒక మూల నేలలోకి దిగబడిందనుకోండి. తలుపు పట్టేస్తుంది. కప్పు ఓ పక్కకి ఒరుగుతుంది. పైన కొత్త రేకులు వేసినా, రంగు కొట్టినా లాభం లేదు. అడుగు దూలం చివికిపోయింది, దాని కింద నేల మెత్తబడింది. పని తెలిసిన వడ్రంగి అడ్డంగా గట్టి దుంగలు దూర్చి, వాటి కింద జాకీలు పెట్టి, కొంచెం కొంచెంగా లేపుతాడు. ఒక మూల మిగతావాటికంటే ముందు లేస్తే గోడ మెలిపడుతుంది, మేకులు ఊడతాయి. అందుకని ఈ జాకీ కాస్త, ఆ జాకీ కాస్త. లేచినంతమేరా కింద చెక్క దిమ్మెలు పేర్చుకుంటూ వస్తాడు. జాకీ జారినా షెడ్డు కూలిపోకూడదు కదా. ఆ తరువాత కుళ్లిన దూలం తీసి కొత్తది వేసి, కింద పునాది గట్టి చేసి, మళ్లీ అంతే నెమ్మదిగా దించుతాడు.

ఇదే పనిని ఒకసారి ఒక పట్టణమంతటికీ చేశారు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో సముద్రంలో ఒక సన్నని ఇసుక దీవి ఉంది. ఆ దీవి మీది రేవు పట్టణం గాల్వెస్టన్. ఆ రోజుల్లో పేరున్న, డబ్బున్న ఊరు. జనం 37,000 పైచిలుకు. అయితే ఊళ్లో అన్నిటికంటే ఎత్తయిన చోటు కూడా సముద్రమట్టానికి తొమ్మిది అడుగుల లోపే. 1900 సెప్టెంబరు 8న తుఫాను వచ్చినప్పుడు సముద్రం 15 అడుగులకు పైగా లేచింది. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. కనీసం 6,000 మంది చనిపోయారు. సుమారు 3,600 ఇళ్లు నామరూపాల్లేకుండా పోయాయి.

హెచ్చరిక లేక కాదు. అదే తీరంలో ఇండియనోలా అనే రేవు 1875లో ఒకసారి, 1886లో మరోసారి తుఫానుకు దెబ్బతిని చివరికి ఖాళీ అయిపోయింది. అది చూసి గాల్వెస్టన్ పెద్దలు సముద్రానికి గోడ కడదామని మాట్లాడుకున్నారు. మాటల్లోనే ఆగిపోయింది. ఆ ఊరి వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్, తుఫాను వల్ల ఈ ఊరికి పెద్ద ప్రమాదం ఉందనుకోవడం ఉత్త భ్రమ అని 1891లో పత్రికకు రాశాడు. తొమ్మిదేళ్ల తరువాత ఆ నీళ్లలోనే ఆయన భార్య పోయింది. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఊరు వినాలనుకున్న మాటే ఆయన నోట వచ్చింది.

సముద్రపు ఒడ్డునే సెయింట్ మేరీస్ అనాథ శరణాలయం ఉండేది. నీళ్లు పెరుగుతుంటే అక్కడి సిస్టర్లు బట్టలారేసే తాళ్లు కోసి, ఒక్కొక్కరు కొందరు పిల్లల్ని తమ నడుముకు కట్టుకున్నారు. పదిమంది సిస్టర్లూ, 90 మంది పిల్లలూ చనిపోయారు. బతికి బయటపడింది ముగ్గురు మగపిల్లలు మాత్రమే.

ఇంత జరిగాక ఊరు వదిలి పోయినవాళ్లు ఉన్నారు. ఉండిపోయినవాళ్లు ముగ్గురు ఇంజనీర్లను పిలిపించారు. ఆల్‌ఫ్రెడ్ నోబుల్, హెచ్. సి. రిప్లీ, మూడోవాడు హెన్రీ రాబర్ట్. ఈ రాబర్ట్ సంగతి మన సంఘ పెద్దలకు చెప్పాలి. ఆయన సైన్యంలో ఇంజనీరు. 1863లో ఒక బాప్టిస్టు సంఘ సమావేశానికి అధ్యక్షత వహించమంటే కూర్చున్నాడు. గొడవ చెయ్యి దాటిపోయింది, ఆపడం ఆయన వల్ల కాలేదు. ఆ అనుభవంతోనే సభలు ఎలా నడపాలో నేర్చుకుని, నియమాలన్నీ ఒక పుస్తకంగా 1876లో అచ్చువేశాడు. ఈనాటికీ ఎన్నో దేశాల్లో కమిటీలు దాని ప్రకారమే నడుస్తున్నాయి. సంఘంలో లెక్కల మీటింగు నడిపిన ఎవరికైనా ఆయన బాధ తెలుస్తుంది.

ముగ్గురూ ఇచ్చిన సలహా రెండు భాగాలు. మొదటిది 17 అడుగుల ఎత్తున సముద్రపు గోడ. మూడు మైళ్లకు పైగా సాగిన ఆ మొదటి గోడను 1902లో మొదలుపెట్టి 1904లో పూర్తిచేశారు. రెండోది అసలైన కష్టం. గోడ వెనకాల ఊరి నేలనే ఎత్తు పెంచాలి. గోడ దగ్గర ఎక్కువగా, వెనక వైపుకి వాలుగా. నేల ఎత్తాలంటే ముందు దాని మీదున్నవన్నీ ఎత్తాలి.

ఎత్తారు. ఇళ్లు, కొట్లు, షెడ్లు, గుడులు, అన్నీ కలిపి 2,000కు పైగా కట్టడాలు. ట్రాము పట్టాలు, నీళ్ల గొట్టాలు, గ్యాసు గొట్టాలు కూడా. చాలామటుకు చెక్క ఇళ్లు కావడం కలిసొచ్చింది, కింద దుంగలు దూర్చడానికి సందు ఉంది. పని మాత్రం మన షెడ్డు పనే. మర జాకీలు పెట్టి, మనుషులు చేత్తో తిప్పుతూ, అన్ని వైపులా సమంగా. ఊరిని భాగాలుగా విడగొట్టి చుట్టూ కట్టలు వేసి, లోపలి ఇళ్లు లేపి నిలబెట్టాక, ఇసుక కలిసిన సముద్రపు నీళ్లను గొట్టాలతో వదిలేవారు. నీళ్లు ఇంకి, పారిపోయి, ఇసుక మిగిలేది. ఆ ఇసుక తెచ్చే ఓడలు ఊళ్లోకి రావడానికి ఊరి మధ్యనుంచే కాలువ తవ్వారు. దారిలో ఉన్న ఇళ్లను పక్కకు జరిపి, పని అయ్యాక మళ్లీ తెచ్చి పెట్టారు. పోసిన ఇసుక కోటీ 60 లక్షల ఘనగజాలకు పైమాటే.

అన్నిటికంటే బరువైనది సెయింట్ పాట్రిక్స్ చర్చి. ఇటుక కట్టడం, 3,000 టన్నులు. దాని కింద 700 జాకీలు పెట్టి అయిదడుగులు లేపారు. ఆరాధనలు ఆగలేదు. కింద జాకీలు, పైన జనం మోకాళ్ల మీద! ఆ సంగతి చదివి ఆ గుడి పాదిరిగారి గురించి చాలాసేపు ఆలోచించాను. కింద 700 జాకీలు ఉన్నాయని తెలిసి ఆదివారం ప్రసంగం మీద మనసు ఎలా నిలిపి ఉంటాడు?

పని దాదాపు ఏడేళ్లు సాగింది. అన్నేళ్లూ ఏదో ఒక వీధి ఆ అవస్థలోనే ఉండేది. నేల ఆరేదాకా జనం ఎత్తుగా కట్టిన చెక్కబల్లల మీద నడిచి బజారుకీ బడికీ పోయారు. ఉప్పునీళ్లకు చెట్లూ తోటలూ చచ్చిపోయాయి. ఇసుక పోసే ఖర్చు ప్రభుత్వానిది, ఇల్లు లేపే ఖర్చు మాత్రం ఇంటివాళ్లదే. తుఫానులో సర్వం పోయినవాడి మీద ఇది ఎంత భారమో చరిత్ర పుస్తకాలు ఎక్కువ రాయవు. ఊరి ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి మళ్లీ వేల చెట్లు నాటారు, గన్నేరు మొక్కలతో సహా.

ఇసుక మీద ఇల్లు కట్టినవాని ఉపమానం మనకందరికీ కంఠతా వచ్చు. దాన్ని పట్టుకుని గాల్వెస్టన్ వాళ్లను బుద్ధిహీనులనడం తేలిక. మన దివిసీమలో 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చి వేలమంది పోయారు. అలాంటి చావులు చూసినప్పుడల్లా అది పాప ఫలితం అనేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. వేట మీద బతికేవాడు సముద్రం పక్కన కాక ఇంకెక్కడ ఉంటాడు? అతనికి కావలసింది తీర్పు కాదు, ఎత్తు. తరువాత మన తీరంలో స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. వచ్చే నీటికంటే పైన ఉండాలన్న లెక్క అక్కడా ఇక్కడా ఒక్కటే.

1915 ఆగస్టులో గాల్వెస్టన్ మీదికి మరో పెద్ద తుఫాను వచ్చింది. గోడ నిలిచింది, ఎత్తిన నేల నిలిచింది. 1900తో పోలిస్తే ఊళ్లో చనిపోయినవాళ్లు చాలా కొద్దిమంది. కొన్ని పెద్ద ఇటుక ఇళ్లను అప్పట్లో లేపకుండా చుట్టూ ఇసుక పోసి, కింది గదులు పూడ్చేశారు. 1859లో కట్టిన ఆష్టన్ విల్లా అలాంటిదే. దాని ముందున్న ఇనుప కంచెకు ఇప్పుడు పై భాగమే కనిపిస్తుంది. మిగతాది పాత ఊరి నేల దగ్గర, ఇసుక కింద ఉంది.