బడికీ పనికీ మధ్య బ్రిడ్జి కోర్సు

మొన్న మా టీముకి ఇద్దరు టెస్టర్లు కావాలంటే జాబ్ డిస్క్రిప్షన్ రాసిచ్చాను. రాయడమంటే ఏముంది, పాతది తీసి కాపీ పేస్టు. మొదటి లైను: "బి.ఇ., బి.టెక్., ఎం.సి.ఎ. మాత్రమే". ఆ లైను చూసి ఎవరు గుమ్మం బయటే ఆగిపోతారో నాకు బాగా తెలుసు. అయినా మెయిల్ పంపేశాను. పంపేశాక మా పెద్దమ్మ కొడుకు గుర్తొచ్చాడు.

వాడూ నేనూ 2002లో టెన్త్ పాసయ్యాం. నేను ఎంపీసీ. వాడు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో వొకేషనల్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్ గ్రూపు. రెండేళ్ళకి చేతిలో పనుంటుందని మా పెదనాన్నకి ఎవరో చెప్పారు. ఆన్ జాబ్ ట్రైనింగని ఒక చోటికి పంపిస్తే, అక్కడ వాడు ఎక్కువగా చేసింది టీలు తేవడం. సర్టిఫికెట్టు వచ్చింది, పని రాలేదు. పోనీ ఎంసెట్ రాద్దామంటే ముందు బ్రిడ్జి కోర్సు కట్టి లెక్కలూ, ఫిజిక్సూ, కెమిస్ట్రీ పాసవ్వాలన్నారు. వాడికి అప్పటికే ఓపిక అయిపోయింది. ఇవాళ మోటార్ రీవైండింగ్ షాపు నడుపుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ పని నేర్చుకున్నది కాలేజీలో కాదు, ఇంకొకరి షాపులో రెండేళ్ళు జీతం లేకుండా చేసి.

తప్పు వాడిదా, కాలేజీదా అని చాలాకాలం అనుకునేవాణ్ణి. చరిత్ర కాస్త తిరగేస్తే ఇది మనందరికంటే పాత బగ్గని అర్థమైంది.

1882లో హంటర్ కమిషన్ హైస్కూలు చదువుని రెండు దారులుగా చెయ్యమంది. ఒకటి యూనివర్సిటీకి, రెండోది వ్యాపారానికీ చేతిపనులకీ. రెండోదాని వైపు పెద్దగా ఎవరూ వెళ్ళలేదు. గుమాస్తా ఉద్యోగం మొదటి దారి చివర ఉంటే రెండో దారిలో ఎవరు నడుస్తారు చెప్పండి? స్వతంత్రం వచ్చాక 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ మల్టీపర్పస్ స్కూళ్ళు పెట్టమంది. టెక్నికల్, కామర్స్, వ్యవసాయం వగైరా ఏడు గ్రూపులు. మన పాత ఊళ్ళలో కొన్ని బడుల పేర్లలో ఆ "మల్టీపర్పస్" ఇంకా మిగిలి ఉంది. పేరు మిగిలింది, అంతే.

అసలు కథ కొఠారీ కమిషన్‌తో (1964-66) మొదలవుతుంది. టెన్త్ తర్వాత చదివేవాళ్ళలో సగం మంది, అంటే 50 శాతం, వృత్తి విద్యలోకి రావాలని 1986కి లక్ష్యం పెట్టారు. 1986 వచ్చింది. ఆ ఏడాది జాతీయ విద్యా విధానంలో లక్ష్యం ఇలా మారింది: 1990కి 10 శాతం, 1995కి 25 శాతం. 1992లో దాన్ని సవరించి 1995కి 10, 2000కి 25 అన్నారు. చివరికి 2020 విధానంలో మళ్ళీ 50 శాతం కనిపించింది. 2025కల్లా సగం మందికి వృత్తి విద్యతో "పరిచయం" ఉండాలట! మన భాషలో చెప్పాలంటే డెడ్‌లైను జరుపుతూ జరుపుతూ చివరికి రిక్వైర్‌మెంటే మార్చేశారు. 19-24 ఏళ్ళ కార్మికుల్లో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవాళ్ళు మన దేశంలో 5 శాతం కంటే తక్కువ, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం అని ఆ 2020 పత్రంలోనే రాసుకున్నారు.

మనవాళ్ళకి చేతిపనంటే చిన్నచూపు, అందుకే ఇలా అని తేల్చేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 1953 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లెటూరి బళ్ళలో సగం పూట చదువు, మిగతా సగం ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవడం అని పథకం తెచ్చారు. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే, ఆంధ్ర రాష్ట్రం ఆ అక్టోబరులో కదా వచ్చింది. కుండలు చేసేవాడి కొడుకు కుండలే చెయ్యాలా అని జనం మండిపడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయారు, తర్వాత వచ్చిన కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఎత్తేసింది. ఆ కోపం న్యాయమైనదే. వెనక్కి తిరిగి రావడానికి తలుపు లేని దారిని దారి అనరు, కంచె అంటారు. మా పెద్దమ్మ కొడుక్కి ఆ తలుపు ఉంది, కానీ దాని ముందు మూడు పరీక్షల తాళం వేలాడుతోంది.

రెండో సంగతి, కంపెనీల వైపు నుంచి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. 1973లో ఇంజనీర్లనీ, 1986లో ఇంటర్ వొకేషనల్ వాళ్ళనీ కూడా అందులో చేర్చారు. వాళ్ళ స్టైపెండులో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. అంటే 2004లో మావాడి కోసం చట్టంలో ఒక కుర్చీ సిద్ధంగా ఉంది. ఆ మాట వాడికి చెప్పినవాడు ఒక్కడూ లేడు! యజమానులకేమో ఆ చట్టమంటే ఇనస్పెక్టరూ, ఉల్లంఘిస్తే జైలూ. ఆ జైలు శిక్ష 2014 సవరణలో గానీ పోలేదు. భయంతో తీసుకున్న కుర్రాడికి పని ఎవరు నేర్పుతారు? టీలు తెమ్మంటారు.

జర్మనీలో 1969 చట్టం ప్రకారం కుర్రాడు ముందు కంపెనీతో ఒప్పందం రాసుకుంటాడు. వారంలో మూడు నాలుగు రోజులు అక్కడ పని, ఒకటి రెండు రోజులు బడి. స్టైపెండు కంపెనీ ఇస్తుంది, పరీక్ష వాణిజ్య మండలి పెడుతుంది, సిలబస్ రాసేటప్పుడు యజమానులూ కార్మిక సంఘాలూ కూర్చుంటాయి. 1997లో సాఫ్ట్‌వేర్ పనికి కూడా ఇలాంటి అప్రెంటిస్‌షిప్ పెట్టారు, డిగ్రీ అక్కర్లేదు. అదేదో స్వర్గమని కాదు. పదేళ్ళ వయసులోనే పిల్లల్ని వేరే వేరే బళ్ళలోకి పంపేస్తారనే విమర్శ అక్కడా ఉంది. కానీ సీటు కంపెనీలో మొదలవుతుంది, అదీ తేడా. మన దగ్గర సీటు కాలేజీలో మొదలై, కంపెనీ గేటు దగ్గర ఆగిపోతుంది.

మన ఫీల్డులో ఇది చేతకాదా అంటే, చేసి చూపించారు కూడా. విప్రో 1995లోనే బిట్స్ పిలానీతో కలిసి బీఎస్సీ వాళ్ళని తీసుకుని, పని చేయిస్తూనే ఎం.ఎస్. చదివించింది. హెచ్‌సీఎల్ 2017 నుంచి టెక్‌బీ పేరుతో ఇంటర్ పాసైనవాళ్ళని తీసుకుంటోంది. ప్రభుత్వాలు కూడా ఊరికే కూర్చోలేదు. వై.ఎస్. హయాంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి, తెలంగాణ వచ్చాక టాస్క్ వచ్చింది. 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలని మార్చే పని తెలంగాణలో మొదలైంది. మంచిదే. కానీ కొత్త మెషీన్లు ఎన్ని వచ్చాయని కాదు, ఆ చుట్టుపక్కల ఎన్ని కంపెనీలు ఎన్ని సీట్లు రాసిచ్చాయని అడగాలి మనం. ఇంటర్ వొకేషనల్‌లో చేరిన రోజే ఆ సీటు కుర్రాడి చేతిలో ఉండాలి. మూడేళ్ళ తర్వాత మనసు మారితే ఇంజనీరింగ్ తలుపూ తెరిచి ఉండాలి. ఈ రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మళ్ళీ 1882కే పోతాం.

ఇదంతా ప్రభుత్వం చెయ్యాలి అని ముగించెయ్యొచ్చు. కానీ ఆ గేటు దగ్గర కూర్చున్నది నేను కూడా కదా. నిన్న హెచ్ఆర్‌కి ఇంకో మెయిల్ పెట్టాను. ఆ మొదటి లైను తీసేసి, దాని స్థానంలో రావలసిన పనులు నాలుగు రాశాను. "ఫిల్టర్ లేకపోతే పదివేల రెజ్యూమెలు వస్తాయండీ" అని జవాబొచ్చింది. నిజమే, వస్తాయి. చిన్న టెస్టు పెట్టి నేనే దిద్దుతానన్నాను. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

ఇంతకీ, మీరు రాసిచ్చే జాబ్ డిస్క్రిప్షన్‌లో మొదటి లైను ఏమిటి?