తెలుగు తెరపై జబ్బులు

తెలుగు సినిమాల్లో, టీవీ సీరియళ్లలో కథను మలుపు తిప్పే జబ్బులు చాలావరకు పైకి కనిపించనివే: బ్లడ్ క్యాన్సర్, గుండె జబ్బు, సంతానలేమి, గతం మర్చిపోవడం. జబ్బు సంగతి డాక్టరుకూ ప్రేక్షకుడికీ తెలియాలి, ఇంట్లోవాళ్లకు తెలియకూడదు. అందుకే ఈ కథల్లో మందులకన్నా రిపోర్టుకే పని ఎక్కువ.

ఈ ఒరవడిని జనంలోకి బలంగా తీసుకెళ్లింది దాసరి నారాయణరావు 'ప్రేమాభిషేకం' (1981). క్యాన్సర్ వచ్చిన కథానాయకుడు ఆ మాట దాచి, ప్రేమించిన అమ్మాయికి తనపై అసహ్యం పుట్టేలా నటిస్తాడు. ఆ పాత్ర వేసిన అక్కినేని నాగేశ్వరరావు మాత్రం, 2013 అక్టోబరులో తనకు నిజంగా క్యాన్సర్ బయటపడినప్పుడు విలేకరులను పిలిచి తానే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు.

మణిరత్నం 'గీతాంజలి' (1989)లో నాయికా నాయకులిద్దరూ చావుకు దగ్గరైనవాళ్లే. మలయాళం నుంచి వచ్చిన 'మాతృదేవోభవ' (1993)లో బ్లడ్ క్యాన్సర్ వచ్చిన తల్లి, తాను పోయేలోగా పిల్లలను తలో ఇంటికీ దత్తత ఇవ్వాలని చూస్తుంది. తెర మీద బ్లడ్ క్యాన్సర్ అంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. అయితే ఆ జబ్బును పిల్లల్లో తొలిసారి కొంతైనా వెనక్కి నెట్టిన మందు వెనుక ఉన్నది గోదావరి జిల్లాల మనిషే. కోనసీమకు పడమట, గోదావరి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ సంస్థలో పనిచేస్తూ అమినాప్టెరిన్ తయారు చేయించారు. 1947-48లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో దాన్ని పిల్లలకిస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు కూడా మన సినిమాకు ఆ కబురు అందినట్టు లేదు.

టీవీలో ఈ ధోరణి పతాకస్థాయికి చేరింది 'కార్తీక దీపం'తో. 2017 అక్టోబరు 16 నుంచి 2023 జనవరి 23 దాకా స్టార్ మాలో నడిచిన ఈ సీరియల్‌కూ మలయాళ 'కరుత్తముత్తు' మూలం. కథానాయకుడు కార్తీక్ గుండె డాక్టరు, అతణ్ని కోరుకునే మోనిత గైనకాలజిస్టు. అతనికి పిల్లలు పుట్టరని మోనిత అబద్ధం చెబితే, గుండె డాక్టరై ఉండీ నమ్మేసి, గర్భవతి అయిన భార్య దీపను అనుమానిస్తాడు. ఏళ్లు సాగిన కథకు ఇదే ఇరుసు. పురుషుల్లో సంతాన సామర్థ్యం తేల్చేది వీర్య పరీక్ష. తేడా కనిపిస్తే మళ్లీ చేయించడం ఆనవాయితీ. ఇక తండ్రి ఎవరన్నది తేల్చే డీఎన్ఏ పరీక్షను హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ 1980ల చివరికే మన కోర్టులకు పరిచయం చేశారు. ఆ పరీక్ష ఒక్కటి చేయిస్తే పోయేదానికి ఇంత గొడవేమిటని ప్రేక్షకులు వేళాకోళం చేశారు. అయినా రాత్రి ఏడున్నరకు టీవీ ముందు నుంచి లేవలేదు.

మోనిత కార్తీక్‌కు తెలియకుండా కృత్రిమ గర్భధారణ చేయించుకోవడం మరో మలుపు. సంబంధిత వ్యక్తుల లిఖితపూర్వక సమ్మతి లేనిదే క్లినిక్ ఇలాంటి చికిత్స చేయరాదని సంతాన చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం చెబుతోంది. చివర్లో కార్తీక్ గతం మర్చిపోతాడు. తలకు దెబ్బ తగిలిన వారికి సాధారణంగా పోయేది ఆ దెబ్బకు అటూ ఇటూ ఉన్న కాలపు జ్ఞాపకాలే. నడక, మాట అన్నీ సరిగ్గా ఉండి తానెవరో మాత్రం మర్చిపోవడం బహు అరుదు.

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పాత జబ్బు బోదకాలుకు ఇలాంటి కథల్లో చోటు కష్టం. వాచిన కాలును ఏ రిపోర్టు కవరులోనూ దాచలేం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. ఈ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రక్తంలోకి ఎక్కువగా వచ్చేది రాత్రి పది నుంచి రెండింటి మధ్య. అందుకే ఆరోగ్య సిబ్బంది జనం నిద్రపోయే వేళ తలుపు తట్టి, వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకునేవారు. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. రాజమండ్రిలో దీనికోసం కేంద్ర ప్రభుత్వ పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది. 2004 నుంచి జబ్బు ఉన్నా లేకున్నా ఏటా దాదాపు ఊరంతటికీ డీఈసీ మాత్రలు మింగించడం దేశంలో ఈ జబ్బున్న జిల్లాలకు విస్తరించింది. ముదిరిన వాపు మాత్రలతో పోదు. రోజూ సబ్బుతో కాలు కడిగి, తడి లేకుండా తుడిచి, పుండ్లు పడకుండా చూసుకోవాలి.