రైల్లో మీతో పాటే మీ బండి.. ఆదోని నుంచి కుదురుతుందా? రూల్స్ ఇవే!

రాత్రి ఆదోనిలో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే పొద్దున బెంగళూరులో దిగొచ్చు. దిగేసరికి సొంత బండి కూడా ఉంటే? ఉద్యోగాల కోసం ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వెళ్లే చాలామందికి ఉన్న డౌట్ ఇదే. రాత్రంతా హైవే మీద బండి నడిపే ప్రమాదం కూడా తప్పుతుంది. సూటిగా చెప్పాలంటే.. బైక్ తీసుకెళ్లొచ్చు. కారు మాత్రం కుదరదు.

లగేజీనా? పార్శిలా?

బైక్‌ను రెండు రకాలుగా బుక్ చేయొచ్చు. మీ టికెట్ చూపించి లగేజీగా బుక్ చేస్తే, మీరెక్కే రైల్లోనే పంపేందుకు చూస్తారు. టికెట్ లేకపోయినా పార్శిల్‌గా పంపొచ్చు. అయితే అది ఏ రైల్లో వెళ్తుందన్నది ఖాళీని బట్టి ఉంటుంది. పార్శిల్‌తో పోలిస్తే లగేజీ ఛార్జీ ఎక్కువ. టికెట్‌పై వచ్చే ఉచిత లగేజీ బైక్‌కు వర్తించదు.

ఇవి మర్చిపోవద్దు

* ఆర్సీ, ఇన్సూరెన్స్, ఐడీ కార్డు.. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు.
* ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి. ఉన్నట్టు తేలితే జరిమానా తప్పదు.
* హెడ్‌లైట్, అద్దాలు, ట్యాంకుకు దెబ్బ తగలకుండా ప్యాకింగ్ చేయించాలి.
* ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన అట్టముక్క బండికి కట్టాలి.
* బుకింగ్‌లో బండి విలువ ప్రకటించి, అదనపు ఛార్జీ కట్టడం మంచిది. లేదంటే ఏదైనా నష్టం జరిగితే బరువు లెక్కన పరిమిత పరిహారమే వస్తుంది.

ఆదోనిలోనే ఎక్కిస్తారా?

అసలు చిక్కు ఇక్కడే. బైక్‌లు వెళ్లేది రైలు చివర్లలో ఉండే లగేజీ పెట్టెలో. రైలు ఒకట్రెండు నిమిషాలే ఆగే చోట బండి ఎక్కించడం కష్టం. పెట్టెలో ఖాళీ లేకపోతే మీరు వెళ్లిపోయినా బండి ఆగిపోవచ్చు. అందుకే టికెట్ తీసే ముందే స్టేషన్‌లో అడగండి. కాదంటే పక్కనే ఉన్న పెద్ద జంక్షన్ గుంతకల్లులో ప్రయత్నించొచ్చు. ఎమ్మిగనూరుకు రైల్వే స్టేషనే లేదు. ఆదోని వరకు సుమారు 30 కిలోమీటర్లు రోడ్డు మీదే రావాలి. ట్యాంకు ఎలాగూ ఖాళీ చేయాలి కాబట్టి, దారికి సరిపడా పెట్రోలే పోయించుకుంటే మేలు.

కారు సంగతేంటి?

పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి కియా కార్లు గూడ్స్ రైళ్లలో వెళ్తాయి. కానీ అది కంపెనీలు మొత్తం రేక్ బుక్ చేసుకునే పద్ధతి. ఒక్క కారు పట్టుకెళ్తే తీసుకోరు.

సొంత కారుతో రైలు ప్రయాణం మన దేశంలో కొంకణ్ రైల్వే మొదలుపెట్టింది. 2025 ఆగస్టు 23న, వినాయక చవితి రద్దీ కోసం మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్నాకు రైలు నడిపింది. సాయంత్రం 5కు బయల్దేరితే తెల్లవారుజామున 5కు చేరేలా టైమింగ్ పెట్టింది. ఒక ట్రిప్పుకు 40 కార్లు. ఒక్కో కారుకు రూ.7,875. కారులో కూర్చోనివ్వరు. కారుకు ముగ్గురు చొప్పున పక్క బోగీల్లో, విడిగా టికెట్ కొని వెళ్లాలి. మన వైపు వాళ్లకు మాత్రం ఇది ఉపయోగపడదు. గోవాకు బళ్లారి, హుబ్బళ్లి రోడ్డే దగ్గర.

అమెరికాలో ఇది పాత అలవాటే. వాషింగ్టన్ పక్కన వర్జీనియాలోని లార్టన్ నుంచి ఫ్లోరిడాలోని శాన్‌ఫోర్డ్‌కు ఆమ్‌ట్రాక్ సంస్థ 1983 నుంచి ‘ఆటో ట్రైన్’ నడుపుతోంది. సాయంత్రం కారు అప్పగిస్తే, దాదాపు 1,370 కిలోమీటర్లు దాటి మర్నాడు పొద్దున తిరిగి తీసుకోవచ్చు.

దిగాక..

రసీదు జాగ్రత్త. అది చూపిస్తేనే బండి ఇస్తారు. గడువులోగా తీసుకోకపోతే వార్ఫేజ్ పేరుతో అదనపు ఛార్జీ పడుతుంది. పెట్రోల్ ఉండదు కాబట్టి బంకు దాకా తోసుకెళ్లాల్సిందే. ఇంకో మాట.. ఏపీ నంబర్ బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. అందుకు ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌వోసీ కావాలి. ఎక్కువ కాలం ఉండేవాళ్లు బండి ఎక్కించకముందే ఆ పని చూసుకుంటే మళ్లీ ఊరికి తిరగక్కర్లేదు.