నడుచుచున్న ఖాతాకు తనిఖీ

గ్రంథాలయములలో ఏటేట పుస్తకముల లెక్క సరిచూచుటకై కొన్ని దినములు తలుపులు మూసివేయు ఆచారము మనమందరము ఎరిగినదే. వచ్చిన పాఠకుడు విసుగుకొని మరలిపోవును. కాని గ్రంథపాలకునకు వేరు గతి లేదు. ఒక బీరువా లెక్కించి రెండవదానికి పోవులోగా మొదటిదానిలోని పుస్తకము నొకరు తీసికొనిపోయి, మూడవదానిలోనిది మరియొకరు తెచ్చి మొదటిదానిలో పెట్టినచో ఆ లెక్క ఎన్నటికిని తెగదు. తేలిన తప్పు పుస్తకములదో, లెక్కదో చెప్పుటయు కష్టమే.

కంప్యూటరు డిస్కులకును అచ్చముగా ఇదే చిక్కు. డిస్కుమీది ఫైళ్ల పద్దులను నిర్వహించు ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అందురు. అందులో తప్పులు వెదకి దిద్దవలెనన్నచో చాలకాలము దానిని వాడుకనుండి తప్పింపవలసి వచ్చెడిది. వాడుకలో ఉండగనే తనిఖీ చేయుట, ఆపై మరమ్మతును చేయుట ఎట్లు సాధ్యమయ్యెనో, అందులకు ఏబది ఏండ్లకు దగ్గరగా ఏల పట్టెనో మనమిప్పుడు విచారింతము.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థకు అంకురార్పణ చేసిరి. అందులో ప్రతి ఫైలునకును ఒక పద్దుపుట ఉండును. దానికి ఐనోడు అని పేరు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, అందలి విషయము డిస్కులోని ఏయే గదులలో ఉన్నది అను సంగతులన్నియు ఆ పుటలో ఉండును. ఫైలు పేరు మాత్రము అందుండదు. డైరెక్టరీ అను పట్టికలో పేరునకెదురుగా ఐనోడు సంఖ్య వ్రాయబడి ఉండును. ఖాళీ గదుల జాబితా వేరొకటి. కావున ఒక చిన్న ఫైలును సృష్టించినను మూడు చోట్ల పద్దు మారవలెను. ఆ మూడును ఒక్క క్షణమున జరుగవు. ఒకటి వ్రాసి రెండవది వ్రాయబోవునంతలో కరెంటు పోయినదనుకొనుడు. పేరుండి ఫైలు లేకపోవచ్చును. ఫైలుండి పేరు లేకపోవచ్చును. అన్నిటికంటె ప్రమాదమైనది, నిండిన గది ఖాళీ జాబితాలో మిగిలిపోవుట. రేపు ఆ గది మరియొక ఫైలునకు పోవును. ఒకరి వ్రాత మరియొకరి వ్రాతను చెరిపివేయును.

తొలినాళ్లలో ఐచెక్, డీచెక్ అను రెండు చిన్న పనిముట్లుండెడివి. మొదటిది గదుల లెక్క, రెండవది డైరెక్టరీల లెక్క చూచెడివి. దిద్దుబాటు చాలవరకు తెలిసిన మనిషి చేతిమీదనే జరుగవలెను. 1978లో బెల్ ప్రయోగశాలలకు చెందిన టి. జె. కొవాల్స్కీ ఎఫ్.ఎస్.సి.కె. అను తనిఖీ ప్రోగ్రామును వివరించుచు ఒక పత్రము వ్రాసెను. ఇది డిస్కును అయిదు విడతలుగా చూచును: గదులు, పేర్ల దారులు, వాని అనుబంధములు, ఒక్కొక్క ఫైలును ఎన్ని పేర్లు సూచించుచున్నవను లెక్క, తుదకు ఖాళీ జాబితా. పేరు పోయిన ఫైలు కనబడినచో ‘పోయి దొరికినవి’ అను అర్థమిచ్చు డైరెక్టరీలో చేర్చి, పేరునకు బదులు సంఖ్య తగిలించును. తప్పు తోచిన ప్రతిచోటను దిద్దనా అని అడుగును. అడిగినదానికెల్ల సరే సరే యని తలయూపినవారు ఉన్నదియు పోగొట్టుకొనవచ్చును. ఏలయన ఈ తనిఖీదారు కాపాడునది పద్దునే గాని సరకును గాదు. రెండు ఫైళ్లు ఒకే గదిని తమదన్నచో, రెంటిని తుడిచివేసినను దాని దృష్టిలో పద్దు కుదిరినట్లే.

ఈ ప్రోగ్రాము ముఖ్యమైన డిస్కును దిద్దినప్పుడు తెరమీద ఒక హెచ్చరిక కనబడెడిది: ‘యూనిక్స్‌ను తిరిగి ప్రారంభింపుడు, సింక్ చేయవద్దు’ అని దాని తాత్పర్యము. ఈ చిన్న వాక్యములో మన సమస్య యంతయు ఇమిడియున్నది. నడుచుచున్న యంత్రము ఇటీవల చూచిన పద్దుపుటలను తన జ్ఞాపకశక్తిలో ఉంచుకొని, తీరికగా డిస్కునకు ఎక్కించును. అట్లెక్కించు ఆజ్ఞయే సింక్. తనిఖీదారు డిస్కుమీది పుటను దిద్దినను యంత్రము జ్ఞాపకములో పాత తప్పుపుటయే ఉన్నది. అది మరల డిస్కునకెక్కినచో దిద్దుబాటు గంగలో కలిసినట్లే. వాడుకలో నున్న డిస్కునకు ప్రతులు రెండు. అందొకటి కదలుచునే యుండును.

డిస్కులు పెరిగినకొలది తనిఖీ కాలమును పెరిగెను. బ్యాంకు పద్దులున్న యంత్రము ఉదయము పది గంటలకు కూలి, తనిఖీ ముగియుసరికి మధ్యాహ్నమైనచో వరుసలో నిలిచినవారి గతి ఊహింపుడు. దీనికి కొందరు మన షావుకార్లెరిగిన ఉపాయమునే పన్నిరి. ముందు చిట్టాలో వ్రాయుట, పిదప ఆవర్జాకు ఎక్కించుట. 1990లో ఐ.బి.ఎం. వారి ఏఐఎక్స్, 2001లో లైనక్స్‌లోని ఎక్స్‌ట్3 ఈ దారి పట్టినవి. యంత్రము కూలి లేచినప్పుడు చిట్టా చూచుకొని మిగిలినది ఎక్కించిన చాలును, అది కొద్ది క్షణముల పని. ఇది గొప్ప మేలే, కాని తనిఖీ గాదు. డిస్కు చివికి అక్షరము చెడినను, ప్రోగ్రామే తప్పు వ్రాసినను చిట్టాకు తెలియదు.

వేరొక దారి 1994లో గ్రెగరీ గ్యాంగర్, యేల్ పాట్ అను పండితులు ‘సాఫ్ట్ అప్‌డేట్స్’ పేర చూపిరి. పద్దులు వ్రాయు వరుసను కట్టుదిట్టము చేసినచో, కరెంటు ఏ క్షణమున పోయినను ప్రమాదకరమైన తప్పు పుట్టదు. ఖాళీ గది నిండినట్లు వ్రాసి ఉండుట, ఇంచుమించు అంతవరకే. ఎవరును లేని ఇంటికి తాళము వేసి ఉంచినట్లు, అది నష్టమే గాని ప్రమాదము గాదు. కావున యంత్రమును వెంటనే నడుపవచ్చును. దీని ఆధారముననే మార్షల్ కర్క్ మెకుసిక్ తెరవెనుక తనిఖీని రూపొందించెను; 2003 జనవరిలో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 5.0లో అది అందరికిని అందెను. యంత్రము లేచి తన పని తాను చేసికొనుచుండును. ఒక నిమిషము పిదప డిస్కునకు స్నాప్‌షాట్, అనగా ఆ క్షణపు నిలుకడ చిత్రము, తీయబడును. తనిఖీదారు కదలుచున్న డిస్కును గాక ఆ చిత్రమును చదువును.

చిత్రము పాతది గదా, అందు తేలిన తప్పు ఇప్పుడు నిజమెట్లగునని శ్రోతలు అడుగవచ్చును. నిండినట్లు తప్పుగా వ్రాయబడిన గదిని ఎవరును కోరి తీసికొనలేరు. కావున చిత్రములో తప్పిపోయిన గది ఈ క్షణమునను తప్పిపోయియే ఉండును. ఈ మెలకువను మేము ఈ చరిత్రలో అన్నిటికంటె మెచ్చుకొందుము. ఇక దిద్దునప్పుడు తనిఖీదారు డిస్కుమీద స్వయముగా వ్రాయక, ఈ గదిని విడిచిపెట్టుమని యంత్రపు కెర్నెలునకే మనవి చేసికొనును. రెండు ప్రతుల తగవు అంతటితో తీరెను. ఊహింపని తప్పు కనబడినచో మాత్రము ఈ పద్ధతి చేతులెత్తివేసి పూర్తి తనిఖీ కావలెనని గుర్తు పెట్టును.

2005లో సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ ప్రభృతుల జెడ్‌ఎఫ్‌ఎస్ లోకమున కందెను. దానికి ఎఫ్.ఎస్.సి.కె. యే లేదు. నిండిన గదిమీద అది తిరిగి వ్రాయదు. ప్రతి గదికిని చెక్‌సమ్ అను సరిచూపు సంఖ్యను, ఆ గదికి దారి చూపు పుటలో భద్రపరచును. స్క్రబ్ అను పని డిస్కునంతయు వాడుకలోనే చదివి, చెడిన గదిని జంట డిస్కులోని మంచి ప్రతితో నింపును. సరకును కూడ సరిచూచు తనిఖీ ఇది. జంట ప్రతి లేనిచోట తప్పు చూపగలదే గాని దిద్దుట సామాన్యముగా దాని వశము గాదు.

మరమ్మతును సైతము వాడుకలోనే సాధించుటకు పూనుకొన్నది 1994 నాటి ఎక్స్‌ఎఫ్‌ఎస్. సిలికాన్ గ్రాఫిక్స్ వారు కట్టిన ఈ వ్యవస్థ తరువాత లైనక్స్‌కు వచ్చెను. ఏ ఫైలునకు ఏ గదులని చెప్పు పద్దునకు తోడుగా, ఏ గది ఏ ఫైలుదని చెప్పు తిరుగుపద్దును 2016లో చేర్చిరి. రెండు పద్దులున్నపుడు ఒకటి చెడినను రెండవదానినుండి తిరిగి వ్రాయవచ్చును. 2018లో వాడుకలో తనిఖీయు, 2024 నాటికి వాడుకలో మరమ్మతును డారిక్ వాంగ్ ప్రధాన కృషివలన లైనక్స్ కెర్నెలులో కుదురుకొనెను. చెడిన పట్టిక నొక్కదానినే కాసేపు ఆపి, క్రొత్తది ఖాళీచోట పూర్తిగా కట్టి, ఒక్క పద్దులో పాతదానితో మార్పిడి చేయుదురు. ఫైలు తన పేరును, తానున్న డైరెక్టరీని తన పుటలోనే వ్రాసికొను ఏర్పాటును ఆ సంవత్సరమే వచ్చెను. దానివలన పేరు పోయిన ఫైలు సంఖ్యతో మిగిలిపోక తన పేరును తాను చెప్పుకొనగలదు. డిస్కును తెరచుటకే వలనుపడనంతగా మొదటిపుట చెడినచో మాత్రము, తలుపు మూసి పనిచేయు పాత మరమ్మతు ప్రోగ్రామునే నేటికిని పిలువవలసియున్నది.